తీవ్రతకు తొలి బలి స్వజనము

1988 డిసెంబరు 26వ తేదీ తెల్లవారుజామున, విజయవాడలో వీధి శిబిరమున నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావును దుండగులు నరికి చంపిరి. దీక్షలో కూర్చున్న ప్రజాప్రతినిధిని ఆ విధముగా హతమార్చుట ఏ నాగరిక సమాజమునైనను కలచివేయదగిన దుష్కృత్యము. ఆనాడు జనుల గుండెలలో రగిలిన దుఃఖమును గాని, కాపాడలేకపోయిన ప్రభుత్వముపై పెల్లుబికిన ఆగ్రహమును గాని తప్పుపట్టుట ఎవరికిని తగదు. కాని ఆ దుఃఖము కొన్ని గంటలలోనే వేరొక రూపము దాల్చెను. విజయవాడ వీధులలో మొదలైన దహనకాండ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలకు ప్రాకెను. 40 మందికి పైగా మరణించిరి. కోట్ల రూపాయల ఆస్తులు బుగ్గియయ్యెను. నగరము దినముల తరబడి కర్ఫ్యూలో మగ్గెను. బందరు రోడ్డు ఆ చివర విజయవాడ, ఈ చివర మచిలీపట్నము. ఆ రోడ్డుపై ప్రయాణించు సామాన్యుడు ఆనాడు మొదటిసారిగా తన ఊరు పేరుకంటె ముందు తన ఇంటిపేరును తలచుకొని భయపడెను.

హంతకులు కొందరు వ్యక్తులు. వారికి పేర్లు కలవు, ముఖములు కలవు, న్యాయస్థానము విచారించి శిక్షింపదగిన నేరము కలదు. కాని ఆ దినములలో తగులబడిన బట్టల కొట్టు యజమానికిని, మందుల దుకాణదారునికిని, ఆ హత్యతో గల సంబంధమంతయు వారి బోర్డులపై వ్రాసిన ఇంటిపేరు మాత్రమే. ఏ కొట్టు కాల్చవలయునో, దేనిని విడువవలయునో గుంపునకు ఒకరు చెప్పవలసిన అవసరము లేకపోయెను. మా డెల్టాలో ఇంటిపేరు చెవిని పడగానే కులము పోల్చుకొను నేర్పు పసితనమునుండియే అబ్బును; పెండ్లి సంబంధములకును, ఓట్ల లెక్కలకును అక్కరకు వచ్చు ఆ నేర్పే ఆ డిసెంబరులో కిరోసిను డబ్బాకు దారి చూపెను. ర్వాండా దేశమున 1930 దశకములో బెల్జియము పాలకులు ప్రతి మనిషికిని వాని జాతి వ్రాసిన గుర్తింపు కార్డు నిచ్చిరి. 1994లో ఆ కార్డును చూచియే రహదారులపై ఎవరు బ్రదుకవలయునో, ఎవరు చావవలయునో తేల్చిరి. మనకు కార్డు సైతము అక్కర లేకపోయెను.

ఈ ఘోరమును గూర్చి వ్రాయువారు సాధారణముగా ఇది రెండు కులముల అనాది వైరమనియు, ఎప్పుడో ఒకనాడు పగులవలసిన పుండేననియు తేల్చివేయుదురు. నేను దీని నంగీకరింపను; చరిత్రయు అంగీకరింపదు. ఆ వైరము కులవైరముగా పుట్టినది కాదు. 1970 ప్రాంతమున విజయవాడ కార్మిక సంఘములలోను, కళాశాలల విద్యార్థి సంఘములలోను ఆధిపత్యమునకై తలెత్తిన కలహమది. కమ్యూనిస్టు నాయకుడు చలసాని వెంకటరత్నము హత్య, 1974లో మోహనరంగారావు అన్న వంగవీటి రాధాకృష్ణ హత్య, 1979లో ఎదుటి పక్షపు దేవినేని గాంధీ హత్య, 1988లో దేవినేని మురళి హత్య, ఒకదాని వెంట ఒకటిగా జరిగిన ఈ హత్యలకు మూలము పట్టణముపై పట్టు ఎవరిదన్న ప్రశ్నయే గాని, కులములకు సంబంధించిన సిద్ధాంతమేదియు కాదు. తొలినాళ్ళలో దేవినేని సోదరులు వంగవీటి వారి విద్యార్థి సంఘమునందే ఉండిరి. మోహనరంగారావు వివాహమాడిన రత్నకుమారి పుట్టింటివారు దేవినేని వారి కులమైన కమ్మవారే. అనగా, మనుష్యులు కలిసి చదివిరి, కలిసి తిరిగిరి, వియ్యమందిరి, విడిపోయిరి, ద్వేషించుకొనిరి. ఆ పిమ్మటనే కులము వచ్చి ఆ ద్వేషమునకు తన పేరు పెట్టెను. వ్యక్తుల పగకు కులము పేరు పెట్టిన నాడు ఆ పగకు లక్షలాది వారసులు లభించిరి. అప్పటివరకును ఏ పక్షముతోను సంబంధము లేని రైతు, గుమాస్తా, ఉపాధ్యాయుడు, తనకు తెలియకయే, తాను కోరకయే, ఒక సేనలో సైనికుడై నిలిచెను.

ఇంత స్వల్ప కారణమునకు మనిషి పక్షము వహించునా అని సందేహించువారు 1970లో హెన్రీ టాజ్‌ఫెల్ అను మనస్తత్వవేత్త ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున బడిపిల్లలపై జరిపిన పరీక్షను జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. ఆయన పోలండు యూదుడు. రెండవ ప్రపంచయుద్ధమున బందీయై బ్రదికి బయటపడి, తన వారిలో అనేకులు నాజీల చేతిలో నశించిరని యుద్ధానంతరము తెలిసికొన్నవాడు. కావున ఈ ప్రశ్న ఆయనకు విద్యావిషయము మాత్రమే కాదు. ఆయన పిల్లలను ఇరువురు చిత్రకారుల బొమ్మలలో ఎవరివి నచ్చినవన్న నెపముతో రెండు జట్లుగా విడదీసెను. ఎవరు ఏ జట్టువారో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మునుపు వారి నడుమ కలహము లేదు. తమకు స్వయముగా వచ్చు లాభమును లేదు. ఐనను బహుమతి డబ్బులు పంచుమనగానే బాలురు తమ జట్టువానికే ఎక్కువ ఇచ్చిరి. నన్ను కలవరపరచునది ఇది కాదు, దీని తరువాతి విషయము. తమ జట్టుకు అధికమొత్తము వచ్చు మార్గమొకటియు, మొత్తము తక్కువైనను ఎదుటి జట్టుకంటె మిక్కిలి హెచ్చుగా నుండు మార్గమొకటియు ఎదుట ఉండగా, ఆ పిల్లలలో పెక్కుమంది రెండవదానివైపే మొగ్గిరి. తనవానికి నష్టమైనను సరే, ఎదుటివాడు దిగువ నుండవలయునన్న ఈ కోరిక బొమ్మల పేరిట విడదీసిన పిల్లలయందే ఇట్లు పుట్టినచో, భూమి, నీరు, పదవి, గౌరవము, తరతరముల జ్ఞాపకములు వెనుకనున్న మా డెల్టా కులములయందు ఎంతటి బలముతో నుండునో వేరుగ చెప్పవలసిన పని లేదు.

అట్లని సమూహభావమే దోషమని నేననను. అనిన యెడల ఈ నేలకు కృతఘ్నుడ నగుదును. గుడివాడ చెంత అంగలూరున 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి, పురోహితుని దయకై చేతులు కట్టుకొని నిలుచుటకు అలవాటుపడిన రైతు కులముల చేత తలయెత్తించి, వారి పెండ్లి వారే తెలుగులో జరుపుకొను విధానమును ఏర్పరచెను. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన కూడిన సభ, 'పంచములు' అను పేరును త్రోసిపుచ్చి, మేము ఆది ఆంధ్రులమని ప్రకటించినది. పల్లెకారులని పిలువబడినవారు అగ్నికులక్షత్రియులమని చెప్పుకొనిరి. ఇవి అన్నియు 'మేము' అను మాటతో మొదలైనవే. కులము వారు కట్టించిన వసతిగృహములలో నిద్రించి, కులము వారు పెట్టిన అన్నము తిని చదువుకొనకపోయిన యెడల మా జిల్లాలో రెండు తరముల డాక్టర్లును, ఇంజనీర్లును ఉండెడివారు కారు. కావున ప్రశ్న 'మేము' అనవచ్చునా లేదా యన్నది కాదు; ఆ 'మేము' ఏ క్షణమున, ఏ మార్గమున చేతికి కత్తి నిచ్చునన్నది.

దానిని గ్రహించుటకు దూరము పోనక్కర లేదు. నేను ఈ మాటలు వ్రాయుచున్న గిలకలదిండి రేవులో, చేపలు దించుచున్న ఒక మరబోటు చెంత నిలిచి చూచినను చాలును. బోటుపై ఏడెనిమిది మంది కళాసీలు, ఒక డ్రైవరు. పట్టిన సరకు వేలము పాడిన పిదప, డీజిలుకును ఐసుకును అయిన ఖర్చు తీసివేసి, మిగిలినది యజమానికిని, పనివారికిని వాటాలుగా పంచుకొందురు. చేప పడని నాడు నష్టమును పంచుకొనవలసినదే. సముద్రమున ఇంజను చెడి కొట్టుకుపోవు బోటు కనబడినప్పుడు, అది ఎవరిదని అడుగక తాడు విసరుట ఈ తీరపు ధర్మము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధ కాలమున అందరి బోట్లును ఒడ్డునే కట్టివేయబడియుండును. ఆ కట్టుబాటును ఒకడు మీరిన యెడల అందరి పొట్టలును కొట్టినవాడగును. ఇట్టి బ్రదుకున సమూహమే మనిషికి రక్ష.

కాని ఈ కోస్తా తీరగ్రామములలో ఆ సమూహమునకే వేరొక చేయి కలదు. కులపెద్దలు కూర్చుండి తీర్పు చెప్పుదురు, తప్పు వేయుదురు, తీర్పును ధిక్కరించి పోలీసు స్టేషనుకు పోయినవానిని వెలివేయుదురు. వెలి యనగా నిప్పు, నీరు లేకుండుట. వాని ఇంటి శుభకార్యమునకు ఎవరును పోకుండుట. వానితో మాటాడినవానికి కూడ జరిమానా. గిలకలదిండిని ప్రత్యేకించి నేననుట లేదు. వెలి ఎరుగని కులము గాని, ఊరు గాని తెలుగునాట అరుదు. ఇక్కడ గమనింపవలసినది ఒక్కటి: వెలివేయుట పరాయివానికి వేయు శిక్ష కాదు. పరాయివాడు ముందే వెలుపల నున్నాడు. ఆ శిక్ష తనవానికే. అదియును తనవాడు పెద్దల మాటకు ఎదురు మాట చెప్పినప్పుడే.

తీవ్రవాదము పుట్టు స్థానము ఇదియేనని నా నమ్మకము. ఎదుటి సమూహముపై విసిరిన మొదటి రాయిలో గాక, తన సమూహములోని మితవాది నోరు నొక్కిన మొదటి క్షణమున అది పుట్టుచున్నది. 1948 జనవరి 30న గాంధీజీని చంపినవాడు ముస్లిము కాడు, హిందువు. 1995 నవంబరు 4న ఇజ్రాయెల్ ప్రధాని రబీనును కాల్చినవాడు అరబ్బు కాడు, యూదుడు. ర్వాండాలో టుట్సీల సంహారమునకు పూనుకొన్న హుటూ తీవ్రవాదులు 1994 ఏప్రిల్ 7న, మారణకాండ మొదలైన మొదటి దినముననే, తమ దేశపు ప్రధానమంత్రి అగాథే ఉవిలింగియిమానాను చంపిరి, ఆమె హుటూయే. పరాయివాని మాట తీవ్రవాదికి అడ్డు కాదు, పైపెచ్చు అది వాని కోపమునకు సమిధ. వానికి నిజముగా అడ్డుపడగలది, 'నేనును మీవాడనే, ఇది తప్పు' అని చెప్పువాని గొంతు. ఆ గొంతు మూగవోయిన పిమ్మట మిగిలినదంతయు సులభము.

మూగవోవుట ప్రతిసారియు హత్యచేతనే జరుగదు. మిక్కిలి సామాన్యముగా అది సంతోష సమయములందు, భోజనపు బంతులందు జరుగుచుండును. కార్తీకమాసమున మా డెల్టాలో కులముల వారీగా వనసమారాధనలు జరుగును. ఉసిరిచెట్టు క్రింద భోజనము పురాతన సంప్రదాయమే. తోటలో పందిళ్ళు, పులిహోర, పిల్లల ఆటలు, చదువులో రాణించిన విద్యార్థులకు బహుమతులు, అంతవరకు హృదయంగమమే. పిమ్మట వేదిక మొదలగును. ప్రవేశమున కులనాయకుని నిలువెత్తు ఫ్లెక్సీ. దాని ప్రక్కన సినీ కథానాయకుని చిత్రము. వేదికపై అన్ని పార్టీలలోని 'మనవారు'. మొదటి వక్త మనకు జరిగిన అన్యాయమును చెప్పును. రెండవ వక్త దానికంటె గట్టిగా చెప్పకున్న యెడల చప్పట్లు పడవు. మూడవవాడు రెండవవానిని మించవలయును. 1969లో మస్కోవిచి, జవల్లోని అను పరిశోధకులు పారిస్ విద్యార్థులపై జరిపిన పరీక్షలో తేలినది ఇదియే: ఒకే అభిప్రాయము గలవారు కూడి చర్చించిన యెడల, చర్చకు ముందుకంటె చర్చ పిమ్మట వారి అభిప్రాయము మరింత తీవ్రమగును. ఆ పందిట కూర్చున్నవారిలో వక్త మాటను అతిశయోక్తిగా ఎరిగినవారు పలువురు ఉందురు. ప్రక్క కులపు మిత్రునితో వ్యాపారము చేయుచున్నవారును, పొరుగు కులమువాని రక్తముతో ప్రాణము నిలిచినవారును ఉందురు. వారెవ్వరును లేచి మాటాడరు. మౌనముగా నున్న ప్రతివాడును, తాను తప్ప అందరును వక్తతో ఏకీభవించుచున్నారని తలచును.

ఈ నిశ్శబ్దము మీదనే యువకుని దూకుడు పెరుగును. ఇరువదేండ్లవాడు పెద్దల మౌనమును అంగీకారముగా గ్రహించును. తప్పు వానిది మాత్రమే అనలేము. కులముపేర విన్న ఈ పాఠమును వాడు మరియే పేరుకైనను అన్వయింపగలడు. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారున ఇరువురు తెలుగు కథానాయకుల అభిమానుల నడుమ రేగిన వాదులాటలో తిరుపతి యువకుడొకడు కత్తిపోటుకు బలియయ్యెను. 2022 జనవరిలో విశాఖ తీరమున రింగు వలల విషయమై మత్స్యకారులు రెండు వర్గములై కలహించుకొని, నడిసముద్రమున బోట్లకు నిప్పు పెట్టుకొనిరి. ఒకే వృత్తి, ఒకే సముద్రము, ఒకే దారిద్ర్యము వారిని ఆపలేకపోయెను. అదే ఏడు మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టుటను వ్యతిరేకించిన గుంపు అమలాపురమున మంత్రి ఇంటికిని, శాసనసభ్యుని ఇంటికిని నిప్పు పెట్టెను. వాట్సాపు సందేశముల ఉధృతికి ప్రభుత్వము ఇంటర్నెట్టునే ఆపవలసి వచ్చెను. ఒక మహనీయుని పేరు తమ జిల్లాకు వచ్చుట తమకు అవమానమని అన్ని వేల మంది యువకులు నమ్మిరన్నచో, వారి ఇండ్లలో పెద్దలు అంతవరకు ఏమి మాటాడిరో, ఏమి మాటాడక విడిచిరో విచారింపవలసియున్నది.

కష్టము మనుష్యులను కలుపునను ఆశయు మాకు ఒకప్పుడుండెను. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలాది మంది కొట్టుకుపోయిరి. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే మృతులు 10,000 దరిదాపు. రాష్ట్రము నలుమూలల నుండియు జనులు బియ్యము, బట్టలు మోసికొని నాగాయలంకకును, కోడూరునకును తరలివచ్చిరి. అటువంటి మృత్యువును కన్నులార చూచిన నేల ఇక కులముపేర మనిషిని చంపదని నమ్మినవారు ఎందరో. ఉప్పెనకును, రంగా హత్యానంతర దహనకాండకును నడుమ గడచినవి 11 ఏండ్లు మాత్రమే. విపత్తు నేర్పిన ఐక్యత నీరు తీయువరకే నిలిచినది.

ఇక్కడ ఒక భేదమును విస్మరించిన యెడల విశ్లేషణ అన్యాయమగును. సమూహములన్నియు సమానములు కావు. వాని కోపములును సమానములు కావు. 1985 జూలై 17న కారంచేడులో, మంచినీటి చెరువును మలినపరచుటను దళితులు ఆక్షేపించిన పాపమునకు భూస్వామ్య కులమువారు మాదిగపల్లెపై పడి 6గురిని చంపిరి. 1991 ఆగస్టు 6న తెనాలికి చేరువనున్న చుండూరులో, సినిమా హాలులో కాలు తగిలినదన్న తగవు సాంఘిక బహిష్కారముగా పెరిగి, 8 మంది దళితుల హత్యతో ముగిసెను. శవములను గోనెసంచులలో కుక్కి కాలువలో పడవేసిరి. 'మేమును మనుష్యులము' అను సమూహమును, 'మీరు మాతో సమానులు కారాదు' అను సమూహమును ఒకే త్రాసున తూచువాడు న్యాయాన్యాయముల ఎరుక లేనివాడు. మన పత్రికలు తీవ్రవాదమను పదమును అడవులలోని తుపాకులకే కేటాయించి, ఊరి నడుమ పట్టపగలు గొడ్డళ్ళతో వచ్చిన గుంపునకు 'ఘర్షణ' అను మెత్తని పేరు పెట్టుట నాకు చిరకాలముగా బాధ కలిగించు విషయము.

ఈ రెండు గ్రామముల యందును గుంపులోని ప్రతివాడును హంతకుడు కాడు. గొడ్డలి పట్టనివారు, పట్టవలదని మనసున అనుకొన్నవారు ఆ వీధులలో తప్పక ఉండియుందురు. చుండూరులో బహిష్కారము వారముల తరబడి సాగినది. అనగా తప్పని చెప్పుటకు వారముల వ్యవధి ఉండెను. ఒక్క పెద్ద అరుగుమీద లేచి 'మన పిల్లలది తప్పు' అనిన యెడల ఏమగునో ఎవరును పరీక్షింపలేదు.

ఆ పెద్దలు చేయనిదానిని న్యాయస్థానమైనను చేయవలసియుండెను. నేరము వ్యక్తిదని తేల్చి, ఆ వ్యక్తిని పేరుతో పిలిచి శిక్షించినప్పుడే సమూహము మొత్తముపై మోపబడిన నింద తొలగును. బాధితుల సమూహమునకును పగను మోయవలసిన అగత్యము తప్పును. చుండూరు కేసును విచారించుటకు ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పిరి. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరిని నిర్దోషులుగా విడిచిపెట్టెను. 8 మంది చనిపోయిరి. చంపినవాడు ఎవడును లేడు. చంపినవాని పేరు చట్టము చెప్పలేనప్పుడు జనుల నోట మిగులునది కులము పేరే.

ఇందుకు పోలీసు శాఖను, ప్రభుత్వమును అడుగవలసినది చాల కలదు: కేసులు జాగు చేయకుండుట, సాక్షులకు రక్షణ, వెలివేయు పంచాయితీలపై నేరవిచారణ, కులము పేర ద్వేషము పెంచు సందేశములపై పార్టీల తారతమ్యము లేని చర్య. కాని కలెక్టరు గాని, నాబోటి పత్రికారచయిత గాని చెప్పిన హితము వెలుపలి గొంతుగానే వినబడును. వేదిక మీది వక్త సమూహమును రెచ్చగొట్టుచున్నప్పుడు ముందు వరుసలో కూర్చున్న డాక్టరుకును, ప్రధానోపాధ్యాయునికిని, బోటు యజమానికిని గల అధికారము ఏ ప్రభుత్వమునకును లేదు. రాబోవు కార్తీకమున బందరు, గుడివాడ, అవనిగడ్డ తోటలలో పందిళ్ళు లేచును. మనకు జరిగిన అన్యాయముల పట్టీ మరల చదువబడును. ఆ వేదికలలో ఒక్కదాని మీదనైనను, మనవారు ఇతరులకు చేసిన అన్యాయమొకదానిని, ఊరు పేరు, సంవత్సరముతో సహా, మనవారిలోనే ఒకరు లేచి చెప్పవలెనని కోరుచున్నాను.